పెద్దల మాటయు, పరీక్షించిన సత్యమును

ఒక మాట చెప్పినవాడు గొప్పవాడైనంత మాత్రమున అది సత్యమగునా? ఈ ప్రశ్నకు ఒక పెద్ద సంఖ్య చరిత్ర మనకు బుద్ధి చెప్పుచున్నది.

7, 13, 31 వంటి సంఖ్యలను ఒకటిచేతను, అదే సంఖ్యచేతను తప్ప మరి దేనిచేతను శేషము లేకుండ భాగింపలేము. వీటిని ప్రధాన సంఖ్యలందురు. 15 అట్టిది కాదు; మూడైదులు పదునైదు గదా! ఇప్పుడు ఒకటిని 67 మారులు రెట్టింపు చేసి, వచ్చినదానిలోనుండి ఒకటి తీసివేయుడి. 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయా, కాదా?

ప్రధాన సంఖ్యయేనని 1644లో ఫ్రాన్సు దేశపు రోమను కతోలిక సన్యాసి మారెన్ మెర్సెన్ తన గ్రంథములో వ్రాసెను. ఆయన గొప్ప విద్వాంసుడు. రెండువందల యేండ్లకు పైగా ఆ మాట తప్పని ఎవరును చూపలేదు. 1876లో ఎడ్వర్డ్ ల్యూకా అను గణితవేత్త ఒక క్రొత్త పరీక్షచేత అది ప్రధాన సంఖ్య కాదని తేల్చెను. అయితే ఏ సంఖ్యలు దానిని భాగించునో ఆయన చూపలేకపోయెను. సంతలో కుండను వ్రేలితో కొట్టి, మ్రోతను బట్టి బీటయున్నదని చెప్పుదుము. బీట ఎక్కడనో కంటికి కనబడదు. ఆయన పనియు అట్టిదే.

1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ బీటను చూపెను. 19,37,07,721ని 7,61,83,82,57,287చేత గుణించినచో సరిగా ఆ సంఖ్యయే వచ్చును. మూడేండ్ల ఆదివారములు దీనికి పట్టినవని కోల్ చెప్పినట్లు ఇ. టి. బెల్ అను రచయిత వ్రాసెను. ఆదివారములను అట్లు గడుపుటను మనము మెచ్చకపోయినను, ఆ ఓర్పును మెచ్చక తప్పదు.

ఇందు గమనింపవలసినవి మూడు. మొదటిది, పెద్దల మాటను పరీక్షించుట వారిని అవమానించుట కాదు. బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచి ఘనులనిపించుకొనిరి. సంఘపు పద్దు చదివినప్పుడు “లెక్క చూపుడి” అని అడిగినవానిని విరోధిగా ఎంచకూడదు. పొరుగువానిమీద నింద వచ్చినప్పుడు “పెద్దలే చెప్పిరి” అని నమ్మి, వానిని వెలివేయకూడదు.

రెండవది, “తప్పు” అని కేకవేయుట సులభము. పుస్తకము ముందు కూర్చుండి, తప్పు ఎక్కడనో అందరికి కనబడునట్లు చూపుట కష్టము. ప్రశ్నించువానికి ఆ కష్టము బాధ్యతగా నున్నది.

మూడవది, తప్పిన పెద్దను త్రోసివేయరాదు. మెర్సెన్ పట్టికలో 67, 257 పొరపాటుగా చేరినవి. 61, 89, 107 విడువబడినవి. అయినను అట్టి సంఖ్యలను నేటికిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. ఆ పట్టికయే తరువాతివారిని వెదకుటకు పురికొల్పెను.

కాబట్టి పెద్దలను గౌరవింతము. వారి మాటలను ఓర్పుతో సరిచూతము. సత్యమైన మాట ఎన్నిమారులు లెక్కించినను తప్పిపోదు.