పద్యపఠనం, ప్రార్థన, సమ్మతి : పాఠశాలలో తల్లిదండ్రుల నైతిక స్థానం

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో భారత రాజ్యాంగం 28వ అధికరణం మతబోధనను నిషేధించింది. గుర్తింపుగాని ఆర్థికసాయంగాని పొందిన సంస్థల్లో మాత్రం మతబోధనలో, ఆరాధనలో పాల్గొనాలంటే విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుని సమ్మతి ఉండాలన్నది. ఈ సమ్మతికి నైతికమైన హద్దులేవన్నది ఇక్కడి విచారణ.

నెల్లూరు సీమలో మతసామరస్యానికి బారాషహీద్ దర్గా రొట్టెల పండుగను ఉదాహరిస్తారు. మొహర్రం వేళ అన్ని మతాలవారూ స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారు. అయితే అది ఐచ్ఛికం. తరగతిగదిలో హాజరు, మార్కులు, ఉపాధ్యాయుని అధికారం ఉంటాయి. కనుక పండుగలోని సామరస్యం పాఠశాలకు ప్రమాణం కాజాలదు.

ఆ జిల్లాలోని మనుబోలు వంటి మండల కేంద్రంలో, గుర్తింపు పొందిన ఒక పాఠశాలలో కంచెర్ల గోపన్న దాశరథీ శతకం పాఠ్యాంశమైందనుకుందాం. కుమార్తె ఆ పద్యం అప్పజెప్పడానికి ఒక క్రైస్తవ తండ్రి వెనుకాడవచ్చు. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ పాఠమైతే ఒక హిందూ తల్లి అదే అనవచ్చు. ‘ఇది సాహిత్యమే కదా’ అన్న సమాధానం ఆ తండ్రికి చెప్పినంత సులభంగా ఈ తల్లికి చెప్పరు. అధికసంఖ్యాకుల భక్తి సంస్కృతిగానూ, అల్పసంఖ్యాకుల భక్తి మతంగానూ కనిపించడమే ఈ తేడాకు మూలం.

ఇద్దరి అభ్యంతరాన్నీ యథాతథంగా అంగీకరిస్తే పోతన, గోపన్న, జాషువ, ఉమర్ ఆలీషా అందరూ పాఠ్యపుస్తకం నుండి తొలగిపోతారు. మతాలను గురించిన అధ్యయనం మతబోధన కాదని అరుణా రాయ్ కేసులో (2002) సుప్రీంకోర్టు వివేచించింది. ఈ వివేచన తెలుగు తరగతికీ వర్తిస్తుంది. పద్యార్థాన్ని, ఛందస్సును, కవి దృష్టిని ప్రశ్నించే వీలున్నంతవరకు అది పఠనం. చేతులు జోడించమన్న క్షణాన అది ప్రార్థన. పఠనాన్ని అడ్డుకునే హక్కు తల్లిదండ్రులకు లేదు. ప్రార్థనకు వారి సమ్మతి తప్పనిసరి.

ఆచరణలో ఈ సమ్మతి తలకిందులవుతున్నది. రాజ్యాంగం కోరినది ముందుగా ఇచ్చిన సమ్మతి. పాఠశాల ఎదురుచూసేది అభ్యంతరం కోసం. ప్రధానోపాధ్యాయుని ఎదుట నిలబడి కాదనగల స్థోమత కూలికి వెళ్ళే తల్లికి ఉండకపోవచ్చు. ఆమె మౌనం సమ్మతి కాదు. జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన కేరళ పిల్లల బహిష్కరణ చెల్లదని బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో (1986) సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పిల్లల మౌనానికీ అంతరాత్మ ఉంటుందని ఆ తీర్పు నుండి గ్రహించవచ్చు.

తల్లిదండ్రుల సమ్మతి పిల్లలపై యాజమాన్యం కాదు, వారు పెద్దయ్యేవరకు కాపాడవలసిన న్యాసం. ఆ న్యాసాన్ని గౌరవించే పాఠశాల అన్ని మతాల కవులనూ చదివిస్తుంది, ఎవరి భక్తికీ మార్కులు వేయదు.