జట్టుకు ఆత్మ ఎక్కడ?

పిట్స్‌బర్గ్ పైరేట్స్ 1887 నుంచి అమెరికా నేషనల్ లీగ్‌లో ఆడుతున్న బేస్‌బాల్ జట్టు. ఇన్నేళ్ళలో యజమానులు మారారు, మైదానాలు మారాయి. ఫోర్బ్స్ ఫీల్డ్ పోయి 1970లో త్రీ రివర్స్ స్టేడియం వచ్చింది. అదీ పోయి 2001లో పీఎన్‌సీ పార్క్ వచ్చింది. ఆటగాళ్ళు ఎన్ని తరాలు మారారో లెక్కే లేదు. మరి అభిమాని ‘మా జట్టు’ అంటున్నది దేన్ని?

మిలిందుడనే యవన రాజును నాగసేన భిక్షువు ఇలాంటి ప్రశ్నే అడిగాడు. రథమంటే చక్రాలా, ఇరుసా, నొగలా? విడివిడిగా ఏదీ రథం కాదు. అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. తర్కానికి జట్టు కూడా అంతే, ఒట్టి పేరు. కానీ అభిమానికి ఒట్టి పేరు చాలదు. ఆ పేరుకు ఒక ముఖం కావాలి. పిట్స్‌బర్గ్‌కు ఆ ముఖం రాబర్టో క్లెమెంటే.

క్లెమెంటే 1934లో ప్యూర్టోరికో దీవిలోని కరోలినాలో పుట్టాడు. 1955 నుంచి 1972 దాకా 18 సీజన్లూ పైరేట్స్‌కే ఆడాడు. నాలుగుసార్లు లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటు అతనిదే. రైట్ ఫీల్డ్‌లో, అంటే మైదానం కుడి వైపు చివర, ఫీల్డింగ్‌కు వరసగా 12 గోల్డ్ గ్లవ్ అవార్డులు అందుకున్నాడు. అంత దూరం నుంచి అతను విసిరే బంతికి భయపడి, పరుగు తీయాల్సిన రన్నర్లు బేస్ దగ్గరే ఆగిపోయేవారు.

అయితే అంకెలే మనిషిని ఆరాధ్యుణ్ణి చేసేటట్లయితే పిట్స్‌బర్గ్‌లో బ్యారీ బాండ్స్ విగ్రహం కూడా ఉండాలి. 1986 నుంచి 1992 దాకా బాండ్స్ పైరేట్స్ ఆటగాడే. 1990లో, 1992లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఆ జెర్సీతోనే గెలిచాడు. కెరీర్ మొత్తం మీద 762 హోమ్ రన్లు కొట్టాడు, ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. కానీ పీఎన్‌సీ పార్క్ బయట నిలబెట్టిన నాలుగు విగ్రహాల్లో అతనిది లేదు. వాగ్నర్, క్లెమెంటే, స్టార్జెల్, మాజెరోస్కీ ఉన్నారు.

పోనీ, గెలుపు వల్లనా? షికాగో కబ్స్‌కు ఎర్నీ బ్యాంక్స్ 19 సీజన్లు ఆడాడు, 512 హోమ్ రన్లు కొట్టాడు. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ మాట అటుంచి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడే యోగం అతనికి పట్టలేదు. అయినా ఆ ఊరు అతన్ని ‘మిస్టర్ కబ్’ అనే పిలుచుకుంది, 2008లో విగ్రహం పెట్టుకుంది.

కాబట్టి రహస్యం ఇంకెక్కడో ఉంది. క్లెమెంటే జీవితంలో అది దొరుకుతుంది.

అతను నల్లవాడు, పైగా మాతృభాష స్పానిష్. పత్రికలు, బేస్‌బాల్ కార్డులు అతని పేరును ‘బాబ్’ అని మార్చేశాయి. అతని ఇంగ్లిష్ ఉచ్చారణను కొందరు విలేకరులు యాసతో సహా అచ్చువేసి నవ్వుకున్నారు. నా పేరు రాబర్టో అని అతను ఓపికగా, పట్టుదలగా చెబుతూనే వచ్చాడు. 1971 వరల్డ్ సిరీస్‌లో .414 సగటుతో జట్టును గెలిపించి, సిరీస్ ఉత్తమ ఆటగాడిగా టీవీ కెమెరాల ముందుకొచ్చాడు. ఇంగ్లిష్‌లో నోరు విప్పేముందు, ప్యూర్టోరికోలో ఉన్న అమ్మానాన్నలను స్పానిష్‌లో పలకరించి వాళ్ళ ఆశీర్వాదం అడిగాడు. దేశమంతా చూస్తుండగా, తన భాషలో! వరల్డ్ సిరీస్ గెలవడం కంటే ఇది చిన్న విషయమేమీ కాదు.

1972 సెప్టెంబరు 30న అతను 3000వ హిట్ కొట్టాడు. అదే అతని చివరి రెగ్యులర్ సీజన్ హిట్ అవుతుందని ఎవరూ అనుకోలేదు. డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగ్వాను భూకంపం నేలమట్టం చేసింది. క్లెమెంటే ప్యూర్టోరికోలో సాయం కూడగట్టాడు. ముందు పంపిన సామగ్రిని అక్కడి సైన్యం దారి మళ్ళిస్తోందని విని, తాను పక్కనుంటే అలా జరగదని 31వ తేదీ రాత్రి స్వయంగా విమానమెక్కాడు. మోయగలిగినదాని కంటే ఎక్కువ బరువెక్కించిన పాత డీసీ-7 అది. గాలిలోకి లేచిన కాసేపటికే సముద్రంలో కూలిపోయింది. సహచరుడు మానీ సాంగియెన్ సంతాప సభకు వెళ్ళకుండా, ఆ నీళ్ళలోకి దిగి అతని కోసం వెతికాడు. దేహం దొరకలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అకాల మరణమే అతన్ని దేవుణ్ణి చేసిందని. ఆక్షేపణలో కొంత నిజముంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చడానికి ఆటగాడు రిటైరయ్యాక అయిదేళ్ళు ఆగాలన్న నియమాన్ని అతని కోసం పక్కన పెట్టారు. 1973లో 424 ఓట్లలో 393 అతనికే పడ్డాయి. కానీ చావు ఒక్కటే ఆ పని చేయలేదు. తన పేరు తనదేనని పట్టుబట్టినవాడు, సాయం అందాల్సినవాళ్ళకే అందాలని పట్టుబట్టినవాడు ఒకే మనిషి. మైదానంలో సాధారణ గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) కొట్టినా ఫస్ట్ బేస్‌కు ప్రాణం పెట్టి పరుగెత్తేవాడు, విమానం విషయంలోనూ పనిని వేరొకరి మీద వదిలేయలేదు. ఆటకూ బతుక్కూ మధ్య అతుకు కనబడని మనిషిని చూసినప్పుడే అభిమాని ‘మేము’ అనగలుగుతాడు. ఆరాధించేవాళ్ళ నమ్మకం ముఖ్యమే, కాదనలేం. అయితే నమ్మకాన్ని నిలబెట్టే నడవడిక ఆటగాడి దగ్గర ముందే ఉండాలి. బాండ్స్ ప్రతిభను ఎవరూ తక్కువ చేయలేరు, ఆ ఊరు అతనిలో తనను తాను చూసుకోలేకపోయింది, అంతే.

రాబర్టో, క్లెమెంటే, తల్లి ఇంటిపేరు వాకర్. మూడూ కలిపితే ఇంగ్లిష్‌లో 21 అక్షరాలు. అతను వేసుకున్న ఆ 21వ నంబరు జెర్సీని పైరేట్స్ 1973లో మరెవ్వరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. పీఎన్‌సీ పార్క్‌లో కుడి వైపు గోడ ఎత్తు 21 అడుగులు. 2020 సెప్టెంబరు 9న మాత్రం ఆ జెర్సీ నియమం సడలింది. ఆ రోజు పైరేట్స్ ఆటగాళ్ళందరూ 21వ నంబరు జెర్సీతోనే మైదానంలోకి దిగారు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ గౌరవార్థం 42వ నంబరును 1997లో మేజర్ లీగ్ మొత్తం పక్కన పెట్టినట్టే 21నీ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. లీగ్ పెద్దలు దాన్ని మన్నించాలి.