రోడ్డుమీది చావు ఎవరి చిత్తము?



గడచిన వర్షకాలములో మా సంఘమునకు చెందిన ఒక యౌవనస్థుని దేహమును హైదరాబాదునుండి మా గ్రామమునకు తీసికొనివచ్చిరి. అతడు నగరపు పడమటి కొసలో అంతస్తుల మేడలయొద్ద వాచ్‌మన్ పని చేయుచుండెను. రాత్రి కావలి ముగించుకొని, తెల్లవారకమునుపే సైకిలుమీద పాలపాకెట్లు పంచుట అతని రెండవ పని. వెడల్పైన రోడ్డుమీద, దీపములు చాలని చోట, వెనుకనుండి వేగముగా వచ్చిన కారు అతనిని కొట్టి ఆగకుండ పోయినదట. అతనికి ఎనిమిదేండ్ల కుమారుడు కలడు.

సమాధియొద్ద మేము అలవాటు చొప్పున యోబు గ్రంథము మొదటి అధ్యాయమును చదివితిమి. అందరును ఆమేన్ అనిరి. మూడవ దినమున ప్రార్థనకై ఆ యింటికి వెళ్లినప్పుడు, మృతుని తండ్రి నులకమంచముమీద కూర్చుండి మమ్మును ఒక మాట అడిగెను. "అయ్యగారూ, ఇచ్చినోడే తీసుకున్నాడని సదివారు గదా. మరి ఆ కారోడి తొందర కూడా ఆయనే ఇచ్చాడంటారా?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి వచ్చితిమి. కాని ఆ ప్రశ్న మమ్మును విడిచిపెట్టలేదు. ఈ నెల ఈ పుటలలో వేరొక సంగతి వ్రాయవలెననుకొని కూర్చుండియు, దీనినే వ్రాయుచున్నాము.

తుపాను వచ్చి ఇల్లు కూలినప్పుడు, వైద్యునికి అందని జ్వరము బిడ్డను తీసికొనిపోయినప్పుడు, మనము దేవుని చిత్తమని తల వంచుదుము. ఆ తల వంచుటలో విశ్వాసము కలదు. అయితే మనుష్యులు ఆపగలిగియు ఆపనిదానిని గూర్చి అదే మాట చెప్పి తల వంచినయెడల, మన తప్పును తీసికొనిపోయి దేవుని గుమ్మమున పెట్టినట్లు కాదా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును తీసి చదువుడి. అక్కడ ఇల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ కలదు. ఇశ్రాయేలీయుల ఇండ్లకు పైకప్పు బల్లపరుపుగా ఉండెను. దానిమీద పండుకొందురు, ధాన్యము ఆరబోయుదురు, ప్రార్థన చేసికొందురు. కాబట్టి ఇల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టించి తీరవలెను. కట్టింపక, ఎవడైనను పడి చనిపోయినయెడల, ఆ రక్తదోషము ఇంటివానిదే. పడినవాడు చూచుకొనలేదని గాని, వాని ఆయువు అంతేనని గాని ధర్మశాస్త్రము చెప్పుటలేదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చియు ఇట్లే ఉన్నది. ఎద్దు మొదటిసారి పొడిచినయెడల యజమానుడు నిర్దోషి. కాని అది పొడుచునదని ఇరుగుపొరుగువారు ముందే చెప్పియుండగా, దానిని కట్టివేయక వీధిలోనికి విడిచినయెడల, యజమానుడు చావునకు ఉత్తరవాది. ముందుగా తెలిసియుండుట, ఇదియే ఆ తీర్పునకు ఆయువుపట్టు.

మనకు ముందుగా తెలియదా? ప్రభుత్వపు లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది నడచిపోవుచున్నవారు. ఒక యుద్ధములో ఇంతమంది పోయినయెడల దేశమంతయు ఉపవాస దినము ప్రకటించియుండును. ఒక్కొక్కరుగా, ఒక్కొక్క ఊరిలో పోవుటచేత మనము లెక్కపెట్టుట లేదు. ఎద్దు పొడుచుచున్నదని ఏటేట అచ్చువేసి చెప్పుచునే యున్నారు.

ఇది పట్టణపు సంగతి గదా, పల్లెటూరి సంఘములకెందుకు అని మీలో కొందరు అనవచ్చును. మా సంఘపు బాప్తిస్మపు పట్టీ తీసి చూచితిమి. గడచిన ఇరువది యేండ్లలో బాప్తిస్మము పొందినవారిలో దాదాపు సగము మంది నేడు ఏదో ఒక పట్టణములో బ్రదుకుచున్నారు. మేస్త్రీలు, వాచ్‌మన్లు, ఇండ్లలో పని చేయు స్త్రీలు, ఆసుపత్రులలో ఆయాలు. బబులోనుకు చెరగొనిపోబడిన వారికి యిర్మీయా వ్రాసిన పత్రిక మీకు తెలియును. ఇష్టము లేక పోయిన పట్టణమైనను దాని క్షేమమును కోరవలెనని, దాని క్షేమములోనే వారి క్షేమము కలదని ఆయన వ్రాసెను. ఆ పట్టణపు వీధి మన బిడ్డలు నడచు వీధి.

ఆ తండ్రి ప్రశ్నకు జవాబు వెదకుచు మేము చదివినదానిలో ఒక దేశపు కథ మాకు మిక్కిలి సహాయపడెను. అది హాలండు, అనగా నెదర్లాండ్సు. మన కోస్తావారికి ఆ దేశస్థులు బొత్తిగా క్రొత్తవారు కారు. బందరులోను భీమునిపట్నములోను డచ్చివారి పాత సమాధులు ఇప్పటికిని ఉన్నవి. నేడు ఆ దేశమును సైకిళ్ల దేశమని లోకమంతయు చెప్పుకొనుచున్నది. అక్కడ జనుల సంఖ్యకంటె సైకిళ్ల సంఖ్య ఎక్కువ. బడిపిల్లలు, ముసలివారు, మంత్రులు కూడ సైకిలెక్కుదురు. ఆ నేల చదునైనది గనుక అట్లున్నదని మేము కూడ అనుకొంటిమి. అది సగము నిజమే. మన కృష్ణా గోదావరి డెల్టాలు మాత్రము చదునైనవి కావా?

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఆ దేశములో ధనము పెరిగెను, కార్లు పెరిగెను. కార్లకు చోటు చాలక వీధులను వెడల్పు చేసిరి, పాత ఇండ్లను పడగొట్టిరి, సైకిలువానిని ప్రక్కకు నెట్టిరి. 1971లో అక్కడ మూడువేలకు పైగా మనుష్యులు రోడ్లమీద చనిపోయిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. అంత చిన్న దేశమునకు అది ఎంత లెక్కయో ఆలోచించుడి.

ఆ సంవత్సరమే విక్ లాంగెన్‌హోఫ్ అను పత్రికా రచయిత తన ఆరేండ్ల కుమార్తెను పోగొట్టుకొనెను. ఆయన 1972లో తన పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. దాని పేరు, మన భాషలో చెప్పవలెనన్న, "పిల్లల హత్యను ఆపుడి" అని. ఈ పేరునొద్ద మేము చాలసేపు ఆగిపోతిమి. ప్రమాదమని అందరును పిలుచుచున్నదానిని ఆయన హత్య అనెను. కారు నడిపినవాడు చంపవలెనని చంపలేదు, నిజమే. అయినను పిట్టగోడ లేని మేడలను కట్టి, పిల్లలను వాటిమీద ఆడుకొననిచ్చిన దేశము నిర్దోషి కాదని ఆయన భావము. ఆ మాట వినినవారికి కోపము వచ్చియుండును. మాకును మొదట వచ్చినది.

ఆ పేరుతోనే ఒక ఉద్యమము పుట్టెను. దానికి మొదటి అధ్యక్షురాలు మార్ట్యె వాన్ పుట్టెన్ అను యౌవన స్త్రీ. తల్లిదండ్రులు, బడిపిల్లలు, ఉపాధ్యాయులు కూడివచ్చిరి. ఎక్కువమంది చనిపోయిన కూడళ్లలో సైకిళ్లతో నేలమీద పండుకొనిరి. మంత్రులయొద్దకు పోయి పాటలు పాడి విన్నపములిచ్చిరి. ఆమ్‌స్టర్‌డాములో డె పైప్ అను ఇరుకైన పేటలో పిల్లలే తమ వీధిని ఆటకు విడిచిపెట్టుడని సంతకములు కూర్చి, వీధికి అడ్డములు పెట్టిరి. కోపగించిన కార్లవారు వాటిని లాగివేయుచుండిరి. 1972లో తీసిన చలనచిత్రములో ఈ జగడము నేటికిని చూడవచ్చును.

1973 చివర అరబ్బు దేశములు చమురు ఆపివేసినందున అక్కడ పెట్రోలు కరవు వచ్చెను. నవంబరు 4వ తేదీ మొదలుకొని కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చెను. అప్పుడు జనులు పెద్ద రహదారులమీద నడచిరి, సైకిళ్లు తొక్కిరి, పిల్లలు చక్రాల బూట్లు కట్టుకొని ఆడిరి. కార్లు లేని వీధి ఎట్లుండునో ఒక దేశమంతయు కన్నులార చూచెను. తల్లుల కన్నీళ్లకు కదలని పాలకులు పెట్రోలు లేమికి కదలిరేమో అని మాకనుమానము. అయినను ముందుగా అడుగుచుండినవారు లేకపోయినయెడల, కరవు తీరగానే అంతయు మరచిపోయి యుందురు.

తరువాత పని నిదానముగా జరిగెను. డెల్ఫ్టు పట్టణములో 1960ల చివరనే కొన్ని వీధులను వంపులు త్రిప్పి, నడుమ చెట్లు నాటి, బల్లలు వేసి, కారు నడకవేగముతో తప్ప పోలేనట్లు చేసియుండిరి. 1976లో ఆ ఏర్పాటు దేశపు చట్టములోనికి వచ్చెను. గ్రోనింగెన్ అను పట్టణము 1977లో తన నడిబొడ్డును నాలుగు భాగములు చేసెను. సైకిలువాడు, నడచువాడు ఒక భాగమునుండి మరియొక దానికి తిన్నగా పోవచ్చును. కారువాడు మాత్రము ఊరి చుట్టు తిరిగి రావలెను. వర్తకులు తమ బేరము పోవునని మిక్కిలి అల్లరిచేసిరి. నేడు ఆ పట్టణమునకు సైకిలు పట్టణమనియే పేరు. అక్కడివారు కార్లను నిషేధింపలేదు సుమా! ఆంబులెన్సు పోవును, సామానుబండి పోవును. బలవంతుడు చుట్టు తిరిగిపోవలెను, బలహీనుడు తిన్నగా పోవలెను అని క్రమము మార్చిరి, అంతే. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశమంతట రోడ్డుమీద చనిపోవువారు ఏటికి 700 ప్రాంతమున ఉన్నారు. జనమును కార్లును పెరిగియు చావులు నాల్గవ వంతునకు దిగినవి. మిగిలిన మూడు వంతులు దేవుని చిత్తమైయుండినయెడల, మనుష్యులు దానిని ఎట్లు త్రోసివేయగలిగిరి? ఈ ప్రశ్నయే ఆ తండ్రికి మేము ఈయవలసిన జవాబని మాకు తోచినది.

జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో దేవుడు తిరిగి వచ్చి నివసించు యెరూషలేమును చూపుచున్నాడు. ఆ పట్టణము ఎట్లుండును? బంగారపు గోపురములను గూర్చి అక్కడ లేదు. వృద్ధులు చేతికర్రలు పట్టుకొని వీధులలో కూర్చుందురు, ఆ వీధులనిండ మగపిల్లలును ఆడపిల్లలును ఆడుకొందురు. అంతే. మేము ఈ వచనములను అనేకసారులు ప్రసంగించితిమి గాని, అది నిజమైన వీధిని గూర్చినదని ఎన్నడును అనుకొనలేదు.

హైదరాబాదులో 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు త్రోవ తెరచిరి. దానిమీద సూర్యరశ్మినుండి కరెంటు తీయు పలకలతో కప్పు వేసిరి. నీడయు కరెంటును ఒక్కసారే దొరకుచున్నవి. మంచి పనియే. దానిని చూచి వచ్చిన మా యౌవనస్థులు మిక్కిలి మెచ్చుకొనిరి. కాని వారిలో ఒకడు చెప్పినది మాకు గుచ్చుకొనెను. అక్కడ తెల్లవారుజామున సైకిలు తొక్కువారిలో అనేకులు తమ సైకిళ్లను కార్లమీద కట్టుకొని వచ్చుచున్నారట. దేహారోగ్యమునకు తొక్కుట తప్పని మేము అనము. అయితే ఆ గడియలోనే పాలపాకెట్లవాడు, పేపరువాడు, పాచిపనికి పోవు స్త్రీ లోపలి వీధులలో లారీల నడుమ పోవుచున్నారు. కప్పున్న త్రోవ వారి గుమ్మములవరకు రాదు. హాలండులో త్రోవ బడికిని, బజారునకును, పనికిని పోవుచున్నది. ఆరోగ్యము దానివెంట తనంతట తానే వచ్చెను.

నగరమును ఇంత మాట అన్న తరువాత మమ్మును గూర్చి చెప్పకపోవుట న్యాయము కాదు. మాకు ముందున్న అయ్యగారు ఏడు గ్రామములు సైకిలుమీద తిరిగిరి. గట్లవెంబడి ఆయన గంట వినబడగానే పిల్లలు ఎదురుపరుగెత్తెడివారని పెద్దలు చెప్పుదురు. మాకు మోటారు సైకిలు కలదు. క్రిందటి యేడు ఆదివారమున రెండవ ఆరాధనకు ఆలస్యమగుచున్నదని హారను కొట్టుచు మలుపు తిరుగగా, గడ్డిమోపుతో వచ్చుచున్న ఒక వృద్ధురాలు బెదిరి కాలువగట్టున పడినది. దెబ్బ పెద్దది కాలేదు. మేము దిగి మోపు ఎత్తి క్షమాపణ అడిగితిమి. "పర్లేదు బాబూ, నాదే తప్పు, పక్కన నడవాల్సింది" అని ఆమె అనెను. ఆమె ప్రక్కననే నడచుచుండెను. తప్పు తనదని చెప్పుటకు ఆమెకు ఎవరు నేర్పిరి? అట్టి త్రోవలను చూచి ఊరకున్న మనమందరము కలిసి నేర్పితిమి. ఆ దినమున మా ప్రసంగ పాఠము లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుడు. దారిలో పడియున్నవానిని లేపుట మంచిది. వానిని పడగొట్టినది ఎవరని ఆ దినమున మేము చెప్పలేదు.

ఆ తండ్రియొద్దకు తిరిగి పోయితిమి. సమాధియొద్ద తొందరపడి చదివితిమని, ఆ కారు తొందర దేవునిది కాదని, మనుష్యులదని చెప్పితిమి. ఆయన చాలసేపు ఏమియు అనలేదు. తరువాత లోపలికి పోయి, పోలీసువారు తిరిగి ఇచ్చిన సైకిలును బయటికి తెచ్చెను. వెనుక చక్రము మార్పించి, సీటు క్రిందికి దింపించి యుంచెను. మనుమడు దానిమీద బడికి పోవుదునని మారాము చేయుచున్నాడట. బడి జాతీయ రహదారికి అవతల ఉన్నది. దాటుటకు వంతెన లేదు, దీపము లేదు, చారలును చెరిగిపోయినవి. "పంపమంటారా అయ్యగారూ?" అని ఆయన అడిగెను.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు, స్త్రీల సమాజమువారు, బడి ఉపాధ్యాయులు కూడవలెనని చెప్పియున్నాము. మసీదువారిని, రామాలయపు కమిటీవారిని కూడ పిలిచితిమి. వారి పిల్లలును ఆ రోడ్డునే దాటుచున్నారు. కలెక్టరుగారికి వ్రాయవలసిన విన్నపమును ఉపాధ్యాయులొకరు సిద్ధపరచుచున్నారు. అంతవరకు ఆ సైకిలు మా పాకలో ఉన్నది. బాలుడు ప్రతి సాయంకాలము వచ్చి గుడి ఆవరణములో రెండు చుట్లు తొక్కి పోవుచున్నాడు.