అరుగుట పాపము కాదు



ప్రజ్ఞాపూరులో మా యింటి ముందరి వేపచెట్టు క్రింద నిలిచియుండు తెల్లని మారుతి 800 కారును మీలో అనేకులు ఎరుగుదురు. అది 2008వ సంవత్సరపు బండి. 2015లో నేను దానిని మరియొకరి యొద్ద కొంటిని. నేటికి అది 2,40,000 కిలోమీటర్లు తిరిగినది. పెండ్లికుమార్తెలు, కంటి ఆపరేషనుకు పోవు అవ్వలు, పరీక్షలు వ్రాయబోవు పిల్లలు అందరును దానిలో ప్రయాణము చేసినవారే. కోతపండుగ కానుకగా వచ్చిన మేకపిల్ల కూడ ఒకసారి వెనుక సీటులో కూర్చుండి వచ్చెను.

మొన్న సంఘ పెద్దలు కూడినప్పుడు వారిలో ఒకరు, “అయ్యగారూ, ఈ ముసలి బండిని ఇంకెన్ని రోజులు బాగుచేయించుకుంట తిరుగుతరు? అందరం తలా ఇంత వేసుకొని కొత్తది కొందాం” అనిరి. ఆయన ప్రేమకు నేను కృతజ్ఞుడను. అయితే ఆ మాట నాలో ఒక ప్రశ్నను లేపెను. పాతదానిని నిలుపుకొనుట ఎప్పుడు మంచి గృహనిర్వాహకత్వమగును? ఎప్పుడు అది వట్టి పిసినారితనమగును? ఇది డబ్బు లెక్క మాత్రమే అనుకొంటిమా, పొరపడుదుము. ఇందులో ప్రాణముల లెక్క కూడ నున్నది. ఈ సంగతి నేను వేదాంత పాఠశాలలో నేర్చుకొనలేదు, సిగ్గుపడి నేర్చుకొంటిని.

2024 వానకాలములో ఒక రాత్రి దగ్గరి పల్లెనుండి నాకు కబురు వచ్చెను. మన సంఘపు చెల్లెలికి నొప్పులు ప్రారంభమైనవి, గజ్వేలు ఆసుపత్రికి తీసికొని పోవలెను అనిరి. బండి కదలకముందు ఆ చెల్లెలు, ఆమె అత్త, నేను కన్నులు మూసికొని ప్రయాణము కొరకు ప్రార్థించితిమి. ప్రజ్ఞాపూరు చౌరస్తాలో రాజీవ్ రహదారిని దాటవలసియుండగా, కరీంనగరు వైపునుండి ఒక లారీ వేగముగా వచ్చుచుండెను. నేను బ్రేకు త్రొక్కితిని. పెడలు నేలదాక పోయెను గాని బండి ఆగలేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని రోడ్డు ప్రక్క బురదలోనికి త్రిప్పితిని. లారీ హారను మ్రోగించుచు మా ముందరనే దాటిపోయెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. వెంటనే ఒక ఆటో నాపి ఆమెను ఆసుపత్రికి చేర్చితిమి. తెల్లవారుజామున ఆడబిడ్డ పుట్టెను.

మరుసటి ఆదివారము ఆ కుటుంబము సంఘములో సాక్ష్యము చెప్పిరి. అందరును స్తోత్రము అనిరి. నేను మాత్రము తల యెత్తలేకపోతిని. ఏలయనగా, రెండు నెలల క్రిందటనే మా మెకానిక్కు నాతో చెప్పియుండెను: “అయ్యగారూ, ఎనక చక్రం కాడ బ్రేకు ఆయిలు కారుతున్నది. సిలిండరు మార్చాలె. రెండు వేలైతయి.” గుడికి క్రొత్త మైకు కొనవలెనని నేను పైకము కూడబెట్టుచున్న దినములవి. వచ్చే నెల చూతమంటిని. ఆ నెల వచ్చినప్పుడు మరల అదే మాట అంటిని. మైకు వచ్చెను. ఆ మైకులోనే ఆ సాక్ష్యము చెప్పబడెను.

సహోదరులారా, ఆ రాత్రి మేము చేసిన ప్రార్థన అబద్ధమని నేననను. దేవుడు మమ్మును కాపాడెను. కాని నా చేతిలోనున్న పనిని నేను చేయక, దానిని దేవుని మీదికి త్రోసి, కన్నులు మూసికొంటిని. అది విశ్వాసము కాదు, ప్రభువును శోధించుటయే. అరణ్యములో నలువది సంవత్సరములు ఇశ్రాయేలీయుల బట్టలు పాతగిలలేదనియు, వారి చెప్పులు అరగలేదనియు ద్వితీయోపదేశకాండములో చదువుచున్నాము. అది అరణ్యములో జరిగిన అద్భుతము. కనాను దేశపు పంట తినిన తరువాత మన్నా నిలిచిపోయెను. ఆపైన దున్నుటయు, విత్తుటయు, కోయుటయు వారి పనియే ఆయెను. వారి చెప్పులు అరగలేదు గనుక నా బ్రేకులు అరగవని యెంచుటకు నాకు వాగ్దానమేమియు లేదు.

అదే గ్రంథములో మరియొక చిన్న ఆజ్ఞ యున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎవడైన పైనుండి పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఆ యింటి మీదికి రాకుండునట్లు దేవుడు దానిని నియమించెను. ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. గోడ కట్టలేదు, అంతే. అయినను దోషము వాని యింటిదే. బండికి బ్రేకు మిద్దెకు పిట్టగోడ వంటిది. నేను మిగిల్చితిననుకొన్న రెండు వేల రూపాయలు నిజముగా మిగిలిన సొమ్ము కాదు. అది అప్పు. ఆ అప్పును ఆ గర్భిణియు, పుట్టబోవు బిడ్డయు తీర్చవలసి వచ్చెడిది. మరమ్మతును వాయిదా వేయువాడు తరచుగా ఇతరుల పేర అప్పు చేయుచున్నాడు.

అందుచేత బండి ముసలిదాయెనని దానిని నిందించుట మానితిని. అరుగుట పాపము కాదు. బ్రేకు పట్టీ అరుగుటకే చేయబడినది. తాను అరిగి మనలను ఆపుటయే దాని సేవ. ఇంజను ఆయిలు నల్లబడినదంటే, లోపలి మసిని, మురికిని తనలోనికి తీసికొని తన పని చేసినదని అర్థము. అరిగినదానిని చూడకపోవుట, చూచియు మాటలాడకుండుట మన తప్పు.

ఆ దినము మొదలుకొని నేను ఒక నోటుపుస్తకము బండిలో పెట్టితిని. ఏ దినమున, ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏమి చేయించితినో అందులో వ్రాయుచున్నాను. పాత బండి గలవారు మన పల్లెలలో చాలమంది యున్నారు గనుక నేను నేర్చుకొన్న కొన్నింటిని చెప్పెదను. ఇంజను చల్లగా నున్నప్పుడు ఆయిలు మట్టమును వారమున కొకసారి పుల్ల తీసి చూడవలెను. కంపెనీ పుస్తకము చెప్పిన కిలోమీటర్లకు, తక్కువ తిరిగినను ఏడాది కొకసారి, దానిని మార్చవలెను. రేడియేటరులో బోరునీళ్ళు పోయరాదు. మన బోరునీళ్ళలో ఉప్పు మెండు. మన వంటపాత్రలలో తెల్లగా గట్టిపడునదే అక్కడను గట్టిపడి దారులు మూసివేయును. కూలెంటు పోయవలెను, ఇంజను వేడిగా నున్నప్పుడు మూత తీయనే కూడదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు ఎక్కువ వేడికి ఆవిరియై, పెడలును మెత్తపరచును. గనుక దానిని సుమారు రెండేండ్ల కొకసారి మార్చవలెను. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును; 2319 అని యుంటే అది 2019వ సంవత్సరము 23వ వారములో చేయబడినదని తెలిసికొనవలెను. గాడులు మిగిలియున్నను రబ్బరు ముసలిదై పగులును. టైమింగు బెల్టు తెగువరకు ఆగినయెడల బండి నడిరోడ్డున నిలిచిపోవును. కొన్ని ఇంజనులలో లోపలి వాల్వులు కూడ వంగిపోవును. 2025 నుండి మన దేశములోని పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. పాత బండ్లలోని రబ్బరు గొట్టములు దాని కొరకు చేయబడినవి కావు. గనుక పెట్రోలు వాసన వచ్చినచో ఆలస్యము చేయక చూపించుకొనవలెను.

ఇవన్నియు చిన్న పనులే. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట మన అలవాటు. యెరూషలేము మందిరమునకు సహితము ఈ కష్టము కలిగెను. రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయము చూడుడి. మందిరము శిథిలమైన తావులను బాగుచేయుటకు రాజైన యోవాషు ఏర్పాటు చేసెను. పైకము యాజకుల చేతికి వచ్చెను. అయినను అతని యేలుబడి ఇరువదిమూడవ సంవత్సరము వరకు మరమ్మతు జరుగలేదు. యాజకులు చెడ్డవారని అక్కడ వ్రాయబడలేదు. వారికి ఇతర పనులుండెనేమో. నాకు మైకు ఉండెను గదా! అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రము చేసి, బలిపీఠము ప్రక్కన నుంచెను. మరమ్మతు కొరకైన సొమ్ము మరి దేనికిని పోకుండ నేరుగా పనివారికి చేరెను. మా యింటిలోను ఇప్పుడొక రేకుడబ్బా యున్నది. బండి తిరిగిన కిలోమీటరుకు రూపాయి చొప్పున శనివారము సాయంకాలము అందులో వేయుచున్నాను. ఆ సొమ్ము మైకుకు పోదు.

మన యెదుటనే మరియొక మాదిరి యున్నది. 1932లో నైజాము రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించెను. నేటి ఆర్టీసీకి అదియే మూలము. మన గజ్వేలు-ప్రజ్ఞాపూరు డిపో బస్సులు గతుకుల దారులలో లక్షల కిలోమీటర్లు తిరుగుచున్నవి. వాటిని ఏ ఒక్క డ్రైవరు ప్రేమయో నిలుపుట లేదు. చెడినను చెడకున్నను, గడువు వచ్చినప్పుడు చూడవలసినదానిని చూచెదరు. అమెరికా దేశములో ఇర్వ్ గోర్డన్ అను బడిపంతులు 1966లో ఒక వోల్వో కారు కొనెను. 2013లో అది 30 లక్షల మైళ్ళు, అనగా దాదాపు 48 లక్షల కిలోమీటర్లు పూర్తిచేసెను. లోకమంతయు రహస్యమేమని అడిగినప్పుడు, కంపెనీ పుస్తకము చెప్పినట్లు చేయుటయే యని ఆయన భావము. 1924లో ప్రతిష్ఠింపబడిన మన మెదకు మహాదేవాలయము నూరేండ్లు దాటి నిలిచియున్నది. ఏ పైకప్పయినను నీరు కారినప్పుడు చూచువారుంటేనే నిలుచును.

అయితే పాతదానిని నిలుపుకొనుటయే పుణ్యమని నేను చెప్పుట లేదు. ఇందులోను ఒక గర్వము దాగియున్నది. “మా అయ్యగారు ఎంత సాదాగా ఉంటరో చూడుండ్రి” అని మీరు అన్నప్పుడెల్ల నాకు లోలోపల తియ్యగా నుండెడిది. ఆ తీపియే నన్ను బ్రేకు సంగతి మరువజేసెను. నా బండిలో గాలిసంచులు లేవు. జారుడు రోడ్డుపై చక్రములు బిగిసిపోకుండ చేయు ఏర్పాటు లేదు. క్రొత్త బండి పొగ కంటె దీని పొగ చెడ్డది. ఈ నిజములను దాచరాదు. స్వంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకే చెల్లును. ఆ తరువాత బండిని చూపించి, అయిదేండ్ల కొకసారి క్రొత్తది చేయించుకొనవలెను. నా బండికి 2023లో ఆ గడువు వచ్చెను. రుసుము 5,000 రూపాయలు కట్టి చేయించితిని. ఆ చట్టమును మనము భారముగా చూడరాదు. అదియు ఒక పిట్టగోడయే.

కాబట్టి ప్రతి సంవత్సరము నూతన సంవత్సరపు ఆరాధనకు ముందు నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుకొనుచున్నాను. ఈ బండిలో నా స్వంత కుమార్తెను రాత్రివేళ నిర్భయముగా పంపుదునా? మెకానిక్కు చెప్పినవాటిలో నేను చేయక విడిచినది ఏదైన నున్నదా? మరమ్మతుకు అయ్యెడి ఖర్చు బండిని నిలుపుచున్నదా, లేక నా మొండితనమును నిలుపుచున్నదా? అడుగు ఇనుము త్రుప్పుపట్టి పట్టు వదలినదని మెకానిక్కు చెప్పిన దినమున ఆ బండికి సెలవు చెప్పెదను. అట్టి బండిని రంగు వేయించి, ఎరుగని బీదవానికి అమ్ముట దొంగతనము కంటె హెచ్చైన పాపము. 2021 నాటి నియమముల ప్రకారము పాత బండ్లను తీసికొని విప్పుటకు అనుమతి పొందిన స్థలములున్నవి. అక్కడ దానిని అప్పగించి, కాగితము తీసికొనెదను.

పెద్దలకు నేనిచ్చిన జవాబు ఇది: “ఇప్పటికి బండి బాగున్నది. మన సంఘములో కూలిపని చేయువారే హెచ్చు. వారి కష్టార్జితమును అప్పుడే క్రొత్త కారుకు పెట్టించను. కాని నా నోటుపుస్తకమును మీరు మూడు నెలల కొకసారి చూడుడి. అందులో వ్రాయబడక విడువబడిన పని కనబడినచో నన్ను గద్దించుడి. బండి పనికిరాదని మెకానిక్కు చెప్పినచో నా మాట వినక తాళపుచెవి తీసికొనుడి.” వారు సరేయనిరి. ఒకాయన ఆ రాత్రియే నోటుపుస్తకము తీసి, కండ్లద్దాలు పెట్టుకొని మొదటి పుటనుండి చదివెను.

ఆ బిడ్డ ఇప్పుడు నడచుచున్నది. ఆరాధన ముగిసిన తరువాత వచ్చి బండి తలుపును చిన్న చేతులతో కొట్టును. దానిని చూచినప్పుడెల్ల ఆ చౌరస్తా నా కన్నులయెదుట నిలుచును. ప్రియులారా, మీకు కారు లేకపోవచ్చును. మోటారుసైకిలు, ట్రాక్టరు, బోరుమోటారు తీగ, బావి గట్టు, ఇంటి దూలము, ఏదో యొకటి మీ చేతిలోనుండును. దానిని నమ్మి ఎవరో యొకరు బ్రదుకుచున్నారు. ప్రయాణమునకు ముందు ప్రార్థన చేయుడి, మానవద్దు. కాని కన్నులు మూసికొనకముందు ఒక్క నిమిషము వంగి, చక్రము క్రింద తడి యున్నదేమో చూడుడి.