ఆపద - ప్రమాదము

శ్రీనివాసుని తెలుగువారు ఆపదమొక్కులవాడని పిలుచుకొందురు. ప్రమాదమొక్కులవాడని ఎవరును అనలేదు. నేటి వాడుకలో ఈ రెండు మాటలకును పెద్ద భేదము కానరాదు. బండి బోల్తాపడినను ప్రమాదమే, ఇల్లు అంటుకొనినను ప్రమాదమే, రోగి స్థితి విషమించినను ప్రమాదమే. అయినను మొక్కు దగ్గరకు వచ్చుసరికి భాష ఒక్క మాటనే ఎంచుకొనినది. యాదృచ్ఛికమే కావచ్చును గాని విచారింపదగిన విషయము.

ఆపద యనగా వచ్చి మీద పడునది. ప్రమాదము అట్టిది కాదు. సంస్కృతమున దానికి ఏమరుపాటు అని అర్థము. మత్తును తెలుపు ధాతువునుండియే పుట్టినది. భగవద్గీత పదునాలుగవ అధ్యాయమున శ్రీకృష్ణుడు దానిని సోమరితనముతోను నిద్రతోను చేర్చి తమోగుణ కార్యముగా చెప్పినాడు. ఉద్యోగపర్వమున సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు ఇంకను కఠినముగా, ప్రమాదమే మృత్యువని బోధించినాడు. పుస్తకముల చివర "ప్రమాదవశమున దొర్లిన తప్పులు" అని వ్రాయుచోట తెలుగులోను ఆ పాత అర్థము మిగిలియున్నది. తక్కిన చోట్ల ఆ మాట మనిషి లోపలినుండి వీధిలోనికి జరిగినది. దానితోపాటు బాధ్యతయు జరిగినదా అన్నదే ప్రశ్న.

హైదరాబాదు పాతబస్తీవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొనినది. నది ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. (నమ్మాళ్వారు చింతచెట్టు నీడనే యోగమున నుండెనని ఎరిగిన వైష్ణవులకు ఆ చెట్టును చూచినపుడు చేతులు జోడింపబుద్ధి పుట్టును.) కొమ్మ పట్టుకొనిన ఆ మనుష్యులకు వచ్చినది ఆపదయే. వారి ఏమరుపాటును గూర్చి ప్రశ్నించుట క్రూరత్వమగును. కాని ఎగువనున్న 788 చెరువులలో 221 చెరువులు ఆనాడు తెగినవి. వాన ఆకాశమునుండి వచ్చినది. కట్ట మాత్రము మనుష్యులు వేసినది, మనుష్యులు కాపాడవలసినది.

అప్పటి నిజాము మహబూబ్ అలీఖాన్ మూసీకి చీర, పసుపు, కుంకుమ సమర్పించి శాంతింపుమని వేడెనని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ప్రభుత్వము అంతటితో ఊరకుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసానదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఆపదకు మొక్కు, ప్రమాదమునకు జలాశయము! రెండును ఒకే నగరము చేసినది. ఒకటి చేసినందున రెండవది అక్కరలేదని తలపలేదు.

శరణాగతికి ఆకించన్యము కావలెనని, అనగా తనకు వేరొక ఉపాయము లేదను ఎరుక కావలెనని పెద్దలు చెప్పుదురు. నీట మునుగువానికి అది సహజముగనే కలుగును. చేత పార యుండి కట్ట మీద నిలువవలసినవాడు ఇంటిలో కూర్చుండి తానును అకించనుడనని చెప్పుకొనిన, అది శరణాగతి కాదు.

2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణమున కాలనీలు మునిగినవి. చెరువుల శిఖం భూములలోను, నాలాల దారులలోను ఇండ్లు లేచుట ఆ నగరమున అందరును ఎరిగినదే. కొనినవారిలో అనేకులు జీవితకాలపు పొదుపును పెట్టినవారు, కాగితములను నమ్మినవారు. వారికి వచ్చినది ఆపద. ప్రమాదము ఎవరిదో వేరుగా విచారింపవలసియున్నది.