చప్పుడు ఆగితే సమాధానం వచ్చినట్టేనా?



కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దల సామెత. మనం ఉంటున్న గుదైబియా సందుల్లో ఎడ్లబండ్లు లేవు గానీ సైకిళ్ళు ఉన్నాయి. కోల్డ్ స్టోర్ నుంచి ఇళ్ళకు సరుకులు చేర్చే కుర్రాళ్ళవి కొన్ని, కార్లు కడిగే పనికి వెళ్ళేవాళ్ళవి కొన్ని. సముద్రపు తేమా ఎడారి దుమ్మూ కలిసి ఆ చక్రాల మధ్యలోని హబ్‌లోకి చేరతాయి. పట్టించుకోకపోతే హబ్ శబ్దం మొదలుపెడుతుంది. ఆ శబ్దాన్ని ఎవరెవరు ఎలా మాన్పుతారో చూస్తే, మన సహవాసంలో వినిపించే సణుగుడును ఏం చేయాలన్న ప్రశ్నకు కొంత వెలుగు దొరుకుతుంది.

ముందుగా, శబ్దాలన్నీ ఒకటి కావు. తొక్కడం ఆపి సైకిల్‌ను దానంతట అదే పోనిచ్చినప్పుడు వెనుక చక్రం టకటకమంటుంది. అది జబ్బు కాదు. ఫ్రీవీల్ లోపల స్ప్రింగు బలంతో లేచి ఉండే చిన్న ఉక్కు నాలుకలు పళ్ళ మీదుగా దూకుతున్నాయన్నమాట. మళ్ళీ పెడల్ తొక్కగానే అవే నాలుకలు పళ్ళను పట్టుకొని చక్రాన్ని తిప్పుతాయి, టకటక ఆగిపోతుంది.

రెండో శబ్దం వేరు. హబ్ లోపల ఇరుసు చుట్టూ ఉక్కు గుళ్ళు ఉంటాయి. మన ఊళ్ళలో తొక్కిన మామూలు సైకిల్ వెనుక హబ్‌లో సాధారణంగా పక్కకు 9 చొప్పున 18 గుళ్ళు, ఒక్కొక్కటి పావు అంగుళం. గ్రీజు ఎండిపోయి, దుమ్ము చేరి, గుళ్ళు గానీ అవి దొర్లే కప్పులు గానీ గుంటలు పడితే గరగరమని రాపిడి వినిపిస్తుంది. చెవికి సందేహంగా ఉంటే చక్రాన్ని నేల మీద నుంచి ఎత్తి, నెమ్మదిగా తిప్పుతూ ఇరుసు దగ్గర చెయ్యి పెట్టి చూస్తారు. లోపలి గరుకు చేతికి తెలుస్తుంది.

ఇక మాన్పే పద్ధతులు మూడు. మొదటిది, బయటినుంచి నాలుగు చుక్కల నూనె పోయడం, లేదా స్ప్రే కొట్టడం. శబ్దం వెంటనే తగ్గుతుంది. కానీ పల్చని నూనె లోపల మిగిలిన కాస్త గ్రీజును కూడా కరిగిస్తుంది. బయట అంటిన నూనెకు దుమ్ము పట్టి, అది గుళ్ళ మధ్యకు చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. వంటనూనె పోస్తే కొన్నాళ్ళకు జిగురైపోతుంది.

రెండోది, టకటక కూడా వినిపించకూడదని ఫ్రీవీల్ నిండా చిక్కటి గ్రీజు కూరడం. ఇది అన్నిటికంటే ప్రమాదం. ఆ గ్రీజులో ఉక్కు నాలుకలు అతుక్కుపోతే స్ప్రింగు వాటిని సమయానికి లేపలేదు. రోడ్డు దాటుతూ ఒక్కసారిగా బలం పెట్టి తొక్కితే పెడల్ ఖాళీగా జారిపోతుంది, మనిషి పడతాడు. చక్రం మాత్రం అప్పటిదాకా ఎంతో నిశ్శబ్దంగా నడిచింది!

మూడోది, విప్పడం. ఇరుసు తీసి, గుళ్ళను కిరోసిన్‌లో కడిగి, అరిగినవి మార్చి, కొత్త గ్రీజు పెట్టి, కోన్‌లను మరీ బిగించకుండా, మరీ వదులుగా వదలకుండా సర్దడం. సమయం పడుతుంది, చేతులు నల్లబడతాయి. రాపిడికి మందు మాత్రం ఇదే.

ఇప్పుడు మన సంగతి. ఆరాధన ముగిశాక ఒక తమ్ముడు మీ దగ్గరకు వచ్చి, "అన్నా, మూడు నెలలైంది జీతం రాక," అంటాడు. ఇంకొకరు, "కమిటీలో ఎప్పుడూ ఫ్యామిలీ వీసా ఉన్నవాళ్ళేనా? మేము కుర్చీలు సర్దడానికేనా?" అంటారు. ఇళ్ళలో పనిచేసే ఒక అక్క, "శుక్రవారం నాకు సెలవు ఇవ్వరయ్యా, నా కోసం ఎవరైనా ఒక్కసారి వచ్చారా?" అని అడుగుతుంది. దీనికి మన నోట వెంటనే వచ్చే మాట మీకూ తెలుసు: "ప్రార్థన చేద్దాం, సణగకూడదు."

ఆ మాట అబద్ధం కాదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు సణుగుడు మానమని స్పష్టంగానే చెప్పాడు. అరణ్యంలో ఐగుప్తు చేపలనూ ఉల్లిపాయలనూ తలచుకొని ఏడ్చిన జనాన్ని సంఖ్యాకాండము 11వ అధ్యాయం మెచ్చుకోదు. కాబట్టి ప్రతి ఫిర్యాదూ నీతిగలదే అనలేం. అయితే పౌలు ఆ మాట వాడిన గ్రీకు పదమే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మొదటి వచనంలోనూ ఉంది. రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. అపొస్తలులు వారికి సణుగుడు మీద ప్రసంగం చేయలేదు. శిష్యులందరినీ పిలిచి, హబ్ విప్పినట్టు విషయాన్ని విప్పారు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! నొచ్చుకున్నవారి భాషలో పేర్లున్న మనుష్యుల చేతికే పంపిణీ వెళ్ళింది. ఆ తర్వాతి మాటే, దేవుని వాక్యం ప్రబలిందని, శిష్యుల సంఖ్య విస్తరించిందని.

మరి పౌలు మాట, లూకా చెప్పిన సంగతి ఒకదానికొకటి విరుద్ధమా? కాదనుకుంటాను. పౌలు ఆజ్ఞ పని చేస్తున్న నా నోటికి. లూకా చూపించిన మాదిరి ఎదుటివాడి మూలుగు వింటున్న నా చేతులకు. మొదటిదాన్ని నా నాలుక మీద నేను పెట్టుకోవాలి. దాన్ని తీసుకెళ్ళి అన్యాయానికి గురైన సహోదరుని నోట్లో కూరితే, అది ఫ్రీవీల్‌లో కూరిన గ్రీజే. ఆయన మౌనమవుతాడు. మరుసటి వారం కూడా వస్తాడు, పాడతాడు, చందా వేస్తాడు. నిజంగా బరువు పడిన రోజున, అంటే ఏజెంటు అప్పు మెడ మీదికొచ్చినప్పుడో ఇంటి నుంచి చావు కబురు వచ్చినప్పుడో, సహవాసాన్ని తొక్కి చూస్తాడు, అది జారిపోతుంది. తర్వాత రాడు. మనం "వెనుకంజ వేశాడు" అంటాం.

సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు సమాజమంతటి ఎదుట మోషే ముందు నిలబడి తమకు స్వాస్థ్యం ఎందుకు లేదని అడిగినప్పుడు, దేవుడు వారిని గద్దించలేదు. వారు అడిగింది న్యాయమేనన్నాడు (సంఖ్యాకాండము 27). ఐగుప్తుకు తిరిగి పోదామన్న ఏడుపు వేరు, వాగ్దాన దేశంలో నాకూ చోటివ్వమన్న అడగడం వేరు. మొదటిది సంఘాన్ని విడిచిపోవడానికి వెతికే సాకు, రెండోది సంఘంలో ఉండాలన్న ఆశ. దూరం నుంచి విన్న చెవికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే దగ్గరకు వెళ్ళి చెయ్యి పెట్టి చూడాలి. అతని రూముకు వెళ్ళి, పక్కన కూర్చొని, పూర్తిగా వినాలి.

అలాగని ప్రతి టకటకకూ హబ్ విప్పనక్కర్లేదు. కరీంనగర్ యాస, కడప యాస, గోదావరి యాస ఒకే గదిలో వినిపిస్తాయి. లూథరన్ ఇంట్లో పెరిగినవారు ఒక రాగంలో, పెంతెకొస్తు ఇంట్లో పెరిగినవారు మరో ఉత్సాహంలో పాడతారు. పసిపిల్లలు ఏడుస్తారు. అది చక్రం తిరుగుతోందన్న గుర్తు, ఉండనివ్వండి.

"మేము సంఘం, లేబర్ కోర్టు కాదు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, జీతం ఇప్పించే అధికారం మనకు లేదు. కానీ కాగితాలు చదివిపెట్టగలం, అరబిక్ తెలిసినవారిని తోడు పంపగలం, రాయబార కార్యాలయం పెట్టే ఓపెన్ హౌస్‌కు అతనితో కలిసి వెళ్ళి వరుసలో నిలబడగలం. ఈ మనామాలోనే 1903లో మిషనరీలు ఆసుపత్రి తెరిచారు. నేటి అమెరికన్ మిషన్ హాస్పిటల్ అదే. సువార్త ఈ దీవికి మాటతో పాటు చేతులతో కూడా వచ్చింది.

మన సంఘం గురించి "మా దగ్గర ఏ గొడవా లేదు" అని చెప్పుకునే ముందు ఒక్కటి చూడండి. నిరుడు ఏదో అడిగి, ఈ ఏడు ఏమీ అడగకుండా వెనుక వరుసలో కూర్చుంటున్నది ఎవరు? ఈ శుక్రవారం టీ అందిస్తూ ఆ పక్క కుర్చీలో కూర్చోండి. మొదట ప్రార్థన అంశం అడగకండి. "తమ్ముడూ, అప్పుడు చెప్పిన విషయం ఏమైంది?" అని అడగండి. విన్నాక, ఇద్దరూ కలిసి ప్రార్థించండి. శాంతికర్తయైన దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.