సమ్మతి – స్వేచ్ఛ: ఖైరున్నిసా, కిర్క్‌పాట్రిక్‌ల దాంపత్యంపై నైతిక పరిశీలన

పాశ్చాత్య పురుషునికీ అన్యదేశ స్త్రీకీ నడుమ ఏర్పడే ప్రేమబంధంపై చర్చ తరచుగా రెండు వాదాలుగా చీలిపోతుంది. ప్రేమ నిజమైనదైతే అసమానతకు తావులేదని ఒక వాదం. అసమానత ఉన్నచోట ప్రేమ అసాధ్యమని మరొక వాదం. మొదటిది అధికారాన్ని విస్మరిస్తుంది, రెండవది స్త్రీ ఇచ్ఛను నిరాకరిస్తుంది. సమ్మతిని, స్వేచ్ఛను ఒకే ప్రశ్నగా భావించడం ఈ రెండింటికీ ఉమ్మడి లోపం. హైదరాబాదు చరిత్రలోని ఒక దాంపత్యం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది.

జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. సైన్య సహకార ఒప్పందంతో నిజాం రాజ్యం కంపెనీ నీడలోకి వచ్చిన కాలమది. ఖైరున్నిసా ఉన్నత సయ్యద్ కుటుంబపు యువతి. తరువాత దివానైన మీర్ ఆలంకు బంధువు. 1800 ప్రాంతంలో వారి వివాహం ఇస్లాం సంప్రదాయానుసారం జరిగింది. విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' (2002)లో పరిశీలించిన ఆధారాల ప్రకారం, పెద్దలు నిశ్చయించిన సంబంధాన్ని ఆమె ఇష్టపడలేదు. కిర్క్‌పాట్రిక్‌తో బంధానికి ఆమె తల్లి, అమ్మమ్మ కూడా తోడ్పడ్డారు. కనుక ఆమెను కేవలం బాధితురాలిగా చిత్రించడం ఆమె నిర్ణయాన్ని రెండవసారి తోసిపుచ్చడమే అవుతుంది.

అయితే ఆ నిర్ణయం ఆమెకు ఇచ్చిన రక్షణ ఎంత? 1805లో ఐదేళ్లయినా నిండని ఇద్దరు బిడ్డలను తండ్రి చదువు నిమిత్తం ఇంగ్లండుకు పంపాడు. వారు అక్కడ క్రైస్తవులై, విలియం జార్జ్, క్యాథరిన్ అరోరా అనే పేర్లతో పెరిగారు. తల్లి వారిని మళ్లీ చూడలేదు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. అతని సహాయకుడు హెన్రీ రస్సెల్ ఆమెకు సన్నిహితుడై, ఆపై విడిచిపెట్టాడు. స్వనగరానికి తిరిగి రానివ్వకపోవడంతో ఆమె మచిలీపట్నంలో ఉండవలసి వచ్చింది. రస్సెల్ మాత్రం 1811లో హైదరాబాదు రెసిడెంటు అయ్యాడు. ముప్పై ఏళ్లు నిండకముందే, 1813లో ఆమె మరణించింది.

ఫిలిప్ పెటిట్ 'రిపబ్లికనిజం' (1997)లో ప్రతిపాదించిన భావన ఇక్కడ ఉపకరిస్తుంది. యజమాని దయాళువైనా, అతడు జోక్యం చేసుకోకపోయినా, ఇష్టానుసారం జోక్యం చేసుకోగల అధికారం ఉన్నంతకాలం అవతలి వ్యక్తి స్వేచ్ఛ అసంపూర్ణమే. కిర్క్‌పాట్రిక్ అనురాగాన్ని శంకించనక్కరలేదు. కానీ బిడ్డల భవిష్యత్తు ఆ అనురాగంపై ఆధారపడి ఉండటమే అసమానత.

ఆ అధికారం పాశ్చాత్యునిది మాత్రమే కాదనేది విస్మరించరానిది. పెళ్లి నిశ్చయించిన పెద్దలది, ఆమెను నగరానికి దూరం చేసిన దర్బారుది కూడా అధికారమే. ఒక అధికారం నుండి తప్పించుకోవడానికి ఆమె మరొక అధికారాన్ని ఆశ్రయించింది. ఎంపిక ఆమెదే, ఎంపికకు లభించిన దారులు మాత్రం ఆమె ఏర్పరచినవి కావు. అందుచేత స్వదేశ పితృస్వామ్యాన్ని మరుగుపరచి పరదేశీయుణ్ణి మాత్రమే దోషిగా నిలిపే విమర్శ సగం సత్యమే చెబుతుంది.

ఇటువంటి బంధాల నైతిక విచారణలో 'ఆమె ప్రేమించిందా?' అనే ప్రశ్న అవసరమే గాని, సరిపోదు. ప్రేమ ముగిసినా, ప్రేమించినవాడు మరణించినా, బిడ్డలపై, నివాసంపై, పేరుప్రతిష్ఠలపై ఆమెకు మిగిలే హక్కు ఏమిటన్నది దానికి తోడు కావలసిన ప్రశ్న. భర్త పౌరసత్వంపైనే నివాసానుమతి ఆధారపడిన నేటి వలస వధువుల విషయంలోనూ ఈ ప్రశ్న ఇలాగే నిలుస్తుంది. సమ్మతి బంధానికి ఆరంభం. స్వేచ్ఛకు కొలమానం ఆ బంధం తెగిపోయే క్షణంలో ఉంటుంది.